సాలీళ్ళు లేని పట్టీ

ఇదంతా పన్నీరుగాడి వల్లే.

పొద్దున్నే మొహం కడుక్కుంటూ మొండయ్య అన్న మొదటి మాట అది. తొట్టిలో నీళ్ళతో ఒకసారి అన్నాడు, తువ్వాలుతో ఒకసారి అన్నాడు, చివరికి వంటింటి గుమ్మం వైపు తిరిగి కాస్త గట్టిగానే అన్నాడు. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అంటే మాట చేరవలసిన చోటికి చేరిందన్నమాట.

పన్నీరుగాడు మొండయ్య భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. బజారులో పురుగుమందుల కొట్టు. నోరు విప్పితే ఎదుటివాడి మీద పన్నీరు జల్లినట్టే ఉంటుందని ఆ పేరు స్థిరపడింది. అసలు పేరు కొట్టు బోర్డు మీద తప్ప ఎవరి నోటా రాదు. మొండయ్య సంగతీ అంతే. తను వద్దన్న పని చెయ్యడు, చేస్తానన్న పని మానడు.

"మొదటి ఏడు ఒక మూతతో చచ్చింది పురుగు," అన్నాడు గుమ్మంతో. "రెండో ఏడు రెండు మూతలు పోయమన్నాడు. పోశాం. మూడో ఏడు సీసాకి సీసా గుమ్మరిస్తే తలంటు పోసుకున్నట్టు హాయిగా దులుపుకుని లేచింది. వాడు మాత్రం కొట్టు మీద అంతస్తు లేపాడు."

"అమ్మినవాడిదేనా తప్పు? కొన్నవాళ్ళ చేతులు ఎవరైనా కట్టేశారా?" లోపలినుంచి వచ్చింది జవాబు.

"అదిగో, తమ్ముణ్ణి వెనకేసుకొస్తున్నావు."

"మీ పొలాన్ని వెనకేసుకొస్తున్నాను. మీకు తెలియడం లేదు."

వారం రోజులుగా ఆ ఇంట్లో మాటలు ఇలాగే నడుస్తున్నాయి. ఇటునుంచి ఒక రాయి, అటునుంచి ఒక రాయి, ఆపైన తలుపు మూసినంత నిశ్శబ్దం. ఆమె కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. కుడిచేతికి గుడ్డ చుట్టుకుని ఉంది. కాలిందని చెప్పింది మొన్న. ఎలా కాలిందని అతను అడగలేదు. అడిగితే మాట కలిపినట్టవుతుంది.

వీధి తలుపు తోసుకుని మొండయ్య తమ్ముడు వచ్చాడు. ఒకే ఇంటిని మధ్యగోడతో పంచుకుని అటువైపు ఉంటాడు. అన్న కంటే తలెత్తు పొడుగు, అన్న కంటే పదేళ్ళు చిన్న. మోకాళ్ళ దాకా బురద.

"అన్నయ్యా, ఇంకో సుడి పడింది. నడిమడిలో."

మొండయ్య గ్లాసు కింద పెట్టాడు.

సుడిదోమ పట్టిన వరి పైకి ఏమీ తెలియనివ్వదు. ఆకు పచ్చగానే ఊగుతుంది. కింద, దుబ్బు మొదట్లో, నీటికి జానెడు ఎత్తున గోధుమరంగు పురుగు వందలకొద్దీ కూర్చుని రసం పీలుస్తుంది. కంటపడేసరికి పొలం మధ్యలో పళ్ళెమంత మేర ఎండి పడిపోతుంది. పళ్ళెం చాపంతవుతుంది. చాప కళ్ళమంతవుతుంది.

"ఎంతుంది?"

"ఇద్దరు పడుకోవచ్చు. కావాలంటే మనిద్దరం వెళ్ళి పడుకుందాం. ఇంకేం పని ఉంది మనకి? మందు కొట్టనివ్వవుగా!"

"పాత మందుకి చావదు. కొడితే పెరుగుతుంది. పురుగుల మేడం అంత విడమరిచి చెబితే నీ బుర్రకి ఎక్కలేదా?"

"ఎక్కింది. పొలానికే ఎక్కలేదు."

పురుగుల మేడం అంటే వ్యవసాయాధికారి. గాజు గొట్టాల సంచీ భుజాన వేసుకుని మడులెంట తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. ఈ పంట మొదట్లో కాలువ సంఘం కూడినప్పుడు ఆవిడ చెప్పిందే ఇప్పుడు ఈ ఇంటిని రెండుగా చీలుస్తోంది. ఈ పంటకి పాత రకం మందు ఎవరూ ముట్టుకోకూడదు. పొలం ఆరబెట్టి, మళ్ళీ తడపాలి. కాలువ వెంట తూము నుంచి పంపుషెడ్డు దాకా ఎవరి పొలంలో వాళ్ళు ఒక పట్టీ వదిలెయ్యాలి. ఆ పట్టీలో ఏ మందూ, ఒక్క చుక్క కూడా పడకూడదు. మందు రుచి తెలియని పురుగు అక్కడ బతకాలి, మందుకి మొండి పడ్డ పురుగుతో కలవాలి. అప్పుడే పుట్టే పిల్లల్లో ఆ మొండితనం పల్చబడుతుంది. పురుగుని తినే సాలీళ్ళు కూడా అక్కడే కాపురం పెట్టి పొలంలోకి పాకుతాయి.

ఎనిమిది ఇళ్ళవాళ్ళూ తలలూపారు. ఊపుతూనే ఒకడు నవ్వాడు: "అందరం ఆగుతాం సరే, మొండయ్య ఇల్లు ఆగుతుందా? మందుల కొట్టే వాళ్ళ వంటింట్లో ఉంటే!"

అందరూ నవ్వారు. ఆ నవ్వుకి మొండయ్య ఒళ్ళు మండింది. లేచి నిలబడి అందరి ముందూ అనేశాడు: "మా ఇంట్లోంచి ఒక్క చుక్క ఆ పట్టీ మీద పడితే, నా వాటాలో తూము పక్క ముక్క ఎకరం పావు సంఘానికి వదిలేస్తా. రాసుకోండి."

నీళ్ళు ముందు తగిలే ముక్క అది. ఆ కాలువ కింద అంతకు మించిన నేల లేదు.

"పూచీ పెట్టేముందు నన్ను అడిగావా?" అన్నాడు తమ్ముడు ఇప్పుడు.

"నా వాటాలోదే పెట్టాను."

"వాటాలు ఎప్పుడు పంచుకున్నాం? నోటితోనేగా! సాయంత్రం సంఘం ఉంది. నా సగం గట్టు వేసి ఇచ్చెయ్యమని అక్కడే అడుగుతాను. నా సగాన్ని నేను కాపాడుకుంటాను. నీ సగంలో నువ్వు సాలీళ్ళు పెంచుకో."

బయట మోటారుసైకిలు ఆగింది. మాట తెగింది.

"బావగారూ! పొద్దున్నే మీ దర్శనం. ఎంత మంచిరోజో!" అంటూ పన్నీరు లోపలికి వచ్చాడు. చొక్కా ఇస్త్రీ, చేతిలో కాగితం చుట్టిన సీసా. "నా గురించే మాట్లాడుకుంటున్నట్టున్నారు. వీధి చివరికే పొలమారింది."

"ఏమిటది?"

"కొత్త మందు. నిన్ననే దిగింది. పట్టీ మీద కొట్టమనడం లేదు బావా, పొలంలోనే. సంఘం వద్దన్నది పాత మందుని. ఇది పాతది కాదుగా!" కాగితం విప్పాడు. సీసా మీద రెక్కలు చాచిన గద్ద బొమ్మ.

"పాతదాని మీద సింహం ఉండేది," అన్నాడు తమ్ముడు ఆశగా.

"అదీ! గమనించావు. సింహం పోయింది, గద్ద వచ్చింది."

మొండయ్య సీసా తీసుకుని వెనక్కి తిప్పాడు. చదువు అయిదో తరగతితో ఆగిపోయినా అక్షరాలు కూడబలుక్కోగలడు. మేడం చెప్పింది: ముందువైపు బొమ్మ చూడొద్దు పెద్దాయనా, వెనక చిన్న అక్షరాల్లో లోపలున్న మందు పేరు చూడండి. చూశాడు. సింహం వెనక ఏముందో గద్ద వెనకా అదే ఉంది.

"చొక్కా మార్చుకొచ్చిన దొంగని కొత్త చుట్టం అంటావురా?"

"బావకి ఎప్పుడూ హాస్యమే," పన్నీరు నవ్వు చెక్కుచెదరలేదు. "లోపల ఏదుంటే ఏం బావా? నమ్మకం ముఖ్యం. కాలువ మీద అందరికీ నా మీద నమ్మకం ఉంది. మీకే లేదు." గుమ్మం వైపు చూశాడు. "అక్కా, చెయ్యి ఎలా ఉంది?"

వంటింట్లో నీళ్ళు ఒంపిన చప్పుడైంది. పన్నీరు రెండోసారి అడగలేదు. సీసా అరుగు మీద వదిలేసి వెళ్ళిపోయాడు.

తన భార్య చెయ్యి కాలిన సంగతి బజారులో ఉన్న ఆమె తమ్ముడికి ఎలా తెలిసిందో మొండయ్యకి అప్పుడు తోచలేదు.

*

నడిమడిలో సుడి తమ్ముడు చెప్పినట్టే ఉంది. పచ్చటి చేను మధ్యలో గుండ్రంగా, ఎవరో వేడి పెనం బోర్లించి తీసినట్టు. అంచున ఉన్న దుబ్బులు కూడా పసుపు తిరుగుతున్నాయి.

మొండయ్య అక్కడ ఆగలేదు. కాలువ వైపు నడిచాడు. పట్టీ బాగుంటే పొలం నిలదొక్కుకుంటుంది, ఈ పంట కాకపోయినా వచ్చే పంటకైనా. మేడం మాట మీద అతనికున్న నమ్మకమల్లా ఆ పట్టీలోనే ఉంది.

పట్టీలో దిగి ఒక దుబ్బు పట్టుకుని మొదట్లో అరచేత్తో తట్టాడు. పురుగు రాలి నీటి మీద పడింది. గోధుమరంగులో, చిన్నగా, గింజల్లా. పడినవి పడినట్టే నీటి మీద నాలుగడుగులు గెంతి మళ్ళీ దుబ్బు ఎక్కేశాయి. సరే, అవి ఉండవలసినవే. వాటితోపాటు సాలీడు కూడా పడాలి. తట్టగానే కాళ్ళు చాచి నీటి మీద పరిగెత్తాలి. పోయినసారి దుబ్బుకి రెండు మూడు కనిపించేవి. అతనికి నవ్వు కూడా వచ్చేది, జీతం లేని కూలీలు అని.

ఒక్కటీ పడలేదు.

ఇంకో దుబ్బు తట్టాడు. ఇంకోటి. మోచేతుల దాకా తడిసిపోయాడు. వంగి నీళ్ళలోకి చూశాడు. దుబ్బుల సందున, నాచు ముక్కలకి అంటుకుని, కాళ్ళన్నీ పొట్టలోకి ముడుచుకున్న సాలీళ్ళు. నల్లగా ఎండిన మిరియాల్లా. గట్టు వారన గాలి నెట్టుకొచ్చిన చోట గుప్పెడు పోగయి ఉన్నాయి.

మందు పడింది. చావవలసింది బతికింది, బతకవలసింది చచ్చింది.

మిగతావాళ్ళ పట్టీలు ఎలా ఉన్నాయో చూడాలని కూడా మొండయ్యకి తోచలేదు. తూము దగ్గర తమ్ముడు పలక దించుతున్నాడు. పక్కనే, కాలువ అవతలి కొసన పొలమున్న పంపుషెడ్డు ఆసామి నిలబడి ఏదో చెబుతున్నాడు. మొండయ్య నేరుగా వెళ్ళి తమ్ముడి చొక్కా పట్టుకున్నాడు.

"నా పూచీని నీళ్ళలో కలిపావు కదరా!"

"ఏమిటి? ఏమైంది?"

"పట్టీ మీద కొట్టావు. సాలీళ్ళన్నీ చచ్చి తేలుతున్నాయి."

తమ్ముడు చొక్కా విడిపించుకోలేదు.

"నేను కొట్టేవాణ్ణయితే పొద్దున నీతో ఎందుకు గొడవ పడతాను అన్నయ్యా? కొట్టి ఊరుకునేవాణ్ణి."

"గొడవ పడితే అనుమానం రాదని!"

"అంత తెలివి నాకుందని నువ్వు ఒప్పుకోవడం ఇదే మొదలు."

పంపుషెడ్డు ఆసామి గొంతు సవరించుకున్నాడు. "పోనీలే మొండయ్యా. చిన్నవాడు, భయపడి ఉంటాడు. అయిందేదో అయింది. సంఘంలో మెల్లగా చెప్పుకుందాం." ఓదార్పుగా మొండయ్య భుజం తట్టాడు. ఆ అరచేతిలో వేళ్ళ సందులన్నీ పసుపుపచ్చగా ఉన్నాయి. పసుపు కొమ్ము నలిపినట్టు.

"నేను కొట్టలేదని చెబుతున్నానుగా!" తమ్ముడి గొంతు మొదటిసారి లేచింది. ఇద్దరినీ చూశాడు. చెయ్యి తుడుచుకున్నాడు. "సాయంత్రం నా సగం నాకు ఇచ్చెయ్యి. ఇక నీ గట్టు తొక్కను. నీ గడప కూడా."

తూము పలక సగంలోనే వదిలేసి వెళ్ళిపోయాడు.

*

రుజువు కావాలి. సంఘం ముందు నోటి మాట చాలదు. ఇంటి వెనక రేకుల షెడ్డులో మందు కొట్టే ట్యాంకు ఉంటుంది. పంట మొదలయ్యాక దాన్ని ఎవరూ దించలేదు. అన్నదమ్ములిద్దరికీ అదొక్కటే. దానిలో తడి ఉంటే చాలు.

మొండయ్య కొక్కెం మీంచి ట్యాంకు దించాడు. అడుగున పసుపుపచ్చటి చార ఉంది. వాసన ఇంకా ఘాటుగానే ఉంది. దొరికాడు, అనుకున్నాడు. సంఘం దాకా మోసుకుపోవడానికి వీపుకి ఎత్తుకోబోయాడు.

ఎక్కలేదు. భుజానికి తగిలించే పట్టీలు చంకల్లో బిగుసుకుపోయాయి. ఒక చెయ్యి దూరితే రెండోది దూరలేదు.

కిందకి దించి చూశాడు. భుజం పట్టీలు రెండూ చివరి రంధ్రం దాకా లాగి బిగించి ఉన్నాయి. తమ్ముడు అతని కంటే తలెత్తు పొడుగు. వాడు వేసుకోవాలంటే పట్టీ వదులు చెయ్యాలి కానీ బిగించకూడదు. పొట్టివాళ్ళెవరో వేసుకున్నారు. అతని భుజం దాకా కూడా రాని మనిషెవరో.

వెనక చప్పుడైంది. తలుపు దగ్గర భార్య నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో.

అతను ట్యాంకు వైపు చూశాడు. ఆమె చేతికి చుట్టిన గుడ్డ వైపు చూశాడు.

"కాలిందన్నావు."

"మందు కూడా కాలుస్తుంది."

"ఎప్పుడు?"

"మీరు మేడంతో పురుగుల గొట్టాలు పట్టుకుని పట్నం వెళ్ళారు చూడండి, ఆ రోజు. మూత సరిగ్గా పట్టలేదు, చేతి మీదకి కారింది."

అతని నోట వచ్చింది మాట కాదు, అరుపు. "తెలిసే చేశావా? పూచీ సంగతి తెలిసే?"

"తెలిసే. సంఘానికి మీరు పూచీ ఇచ్చారు. నాకు ఎవరిచ్చారు పూచీ? రోజూ గట్టు మీద నిలబడి చూస్తున్నాను, చేను మచ్చలు మచ్చలుగా పోతోంది. మిమ్మల్ని అడుగుదామంటే మీకూ ఆ పురుగుకీ ఒకటే జబ్బు. ఏం పోసినా ఎక్కదు."

"నీ తమ్ముడు పోశాడు కదూ నీకు? వాడి సీసా, వాడి బుద్ధి!"

"వాడి సీసానే. కానీ వాడు ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పాడు. అది వినండి ముందు."

"వాడి మాట నేను వినను."

"వినాలి. సంఘానికి వెళ్ళేముందు వినాలి."

"ఈ ఇంట్లో వాడి పేరు ఇంకోసారి వినపడితే..." ఆ మాట ఎలా పూర్తి చెయ్యాలో అతనికి తెలియలేదు. ట్యాంకుని కాలితో తన్నాడు. అది డొల్లగా చప్పుడు చేస్తూ గోడ దాకా దొర్లింది. ఆమె తలుపుకి అడ్డంగా నిలబడింది. అతను పక్కకి తప్పించి బయటపడ్డాడు.

"ఏమండీ!"

వెనక్కి తిరగలేదు. ఆమె కేకలు వీధి మలుపు దాకా వినిపించాయి. ఆ తర్వాత ఆగిపోయాయి.

*

కాలువ సంఘం షెడ్డు రేకులదే. పొద్దు వాలినా లోపల ఉక్క తగ్గలేదు. ఎనిమిది ఇళ్ళవాళ్ళూ బల్లల మీద కూర్చున్నారు. సంఘం పెద్ద గొడుగాయన ఎండలేకపోయినా వానలేకపోయినా గొడుగు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చుంటాడు. మాట పూర్తయిందనడానికి దాని కొసతో నేల మీద ఒక పోటు పొడుస్తాడు. పన్నీరు వెనకాల స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. అతనికి పొలం లేదు, పని మాత్రం అన్ని పొలాల్లోనూ ఉంది.

షెడ్డు నిండా మందు వాసన. ట్యాంకు ముట్టుకుని కడుక్కోకుండా వచ్చాను, నా చేతులదే, అనుకున్నాడు మొండయ్య. చేతులు తొడల కింద దాచుకున్నాడు.

పురుగుల మేడం లేచింది. "మీ పొలాల పురుగుని పాత మందు పూసిన గొట్టాల్లో వేసి చూశాం. తెల్లారేదాకా తిరుగుతూనే ఉన్నాయి. ఒకటి గుడ్లు కూడా పెట్టేలా ఉంది." ఎవరో నవ్వబోయి మానుకున్నారు. "అదే గొట్టంలో సాలీణ్ణి వేస్తే నిలవలేదు. అందుకే పట్టీ పట్టీ అని మొత్తుకున్నాను. ఇవాళ పట్టీ అంతా నడిచి చూశాను. తూము నుంచి పంపుషెడ్డు దాకా ఒక్క సాలీడు లేదు. పట్టీ మీద మందు పడింది."

ఒకాయన కాలి బొటనవేలు వంక చూసుకుంటున్నాడు. ఇంకొకాయన భుజం గోక్కుంటున్నాడు, ట్యాంకు పట్టీ ఒరుసుకునే చోట.

"ఎవరు?" అన్నాడు గొడుగాయన.

పంపుషెడ్డు ఆసామి గొంతు సవరించుకున్నాడు. "నేను చెప్పకూడదు గానీ... పొద్దున తూము దగ్గర అన్నదమ్ములు..."

అందరి తలలూ ఒక్కసారి తమ్ముడి వైపు తిరిగాయి. మూల బల్ల మీద ఒంటరిగా కూర్చున్నాడు వాడు. పాలిపోయాడు. "నా సగం అడగడానికి వచ్చాను," అన్నాడు. "ఇంకేం మాట్లాడను."

"మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే మరి," అన్నారెవరో.

మొండయ్య ఒక్క మాట మింగేస్తే చాలు. చూసినవాళ్ళు లేరు, రుజువు లేదు. వాదించవచ్చు, సాగదీయవచ్చు. ఈ పంట గడిచేదాకా తూము పక్క ముక్క చేతిలోనే ఉంటుంది. తమ్ముడి నెత్తిన మచ్చ ఉంటుంది. వాడు ఎలాగూ వేరు పోతానన్నాడు.

వాడు అన్నని చూడటం లేదు. అదే తట్టుకోలేకపోయాడు మొండయ్య.

లేచాడు. "తమ్ముడు కాదు. వాడికి తెలియదు. పొద్దున నేను వాణ్ణి అన్నది తప్పు. మా ఇంట్లోంచే పడింది మందు. నేనే కొట్టాననుకోండి. అన్నమాట ప్రకారం వదిలేస్తున్నాను."

షెడ్డులో ఒక్కసారిగా గాలి ఆడినట్టయింది. ఊపిరి బిగబట్టుకున్నవాళ్ళంతా ఒకేసారి వదిలారు. మొండయ్యకి అది జాలి అనిపించింది.

"కొంచెం ఆగండి," అంది మేడం. "తూము నుంచి పంపుషెడ్డు దాకా అంటే అంత పొడుగునా ఒక్కరే..."

"ఆయన ఒప్పుకున్నాడు కదమ్మా," గొడుగాయన అడ్డుపడ్డాడు. అంత తొందర ఆయనలో ఎన్నడూ లేదు. "మొండయ్య మాట మీద నిలబడే మనిషి. పెద్ద మనసు. ఇక నేను చెప్పేది వినండి. ఆ ఎకరం పావు ఇవాళ్టినుంచి సంఘానిది. ఇకమీదట ఎవరి పొలంలోనూ పట్టీ అక్కర్లేదు. అదే అందరికీ పట్టీ. మేడం చెప్పిన పని జరిగినట్టే, మన పొలాలూ మనకి మిగిలినట్టే. మందు సంగతి ఎవరి ఇష్టం వాళ్ళది."

"పట్టీ ఒక మూలన ఉంటే పనికిరాదండీ! ప్రతి పొలం పక్కనా..."

గొడుగు కొస నేల మీద దిగింది. టక్.

ఎనిమిది ఇళ్ళలో ఏడు ఇళ్ళ చేతులు లేచాయి. ఏ తీర్మానానికీ ఆ షెడ్డులో అంత త్వరగా చేతులు లేవగా మొండయ్య చూడలేదు. స్తంభం దగ్గర పన్నీరు మొహంలో ఎప్పుడూ ఉండే నవ్వు ఇప్పుడు లేదు. బావ వంక చూడలేక గడియారం వంక చూశాడు.

*

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. భార్య అరుగు మీద కూర్చుని ఉంది. చేతి గుడ్డ విప్పేసింది. మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం ఎర్రగా లేచి ఉంది. ఇక దాచడానికి ఏమీ లేనట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఇచ్చేశారా?"

"ఇచ్చేశాను. నీ పేరు చెప్పలేదు."

"అది నేను అడగలేదు."

అతను రెండో చివర కూలబడ్డాడు. కోపం కూడా అయిపోయింది. అడిగాడు: "తూము నుంచి పంపుషెడ్డు దాకా! అంత బరువు ట్యాంకు మోసుకుని ఒక్కదానివీ అంత పట్టీ ఎలా కొట్టావే?"

ఆమె తల తిప్పి అతన్ని చూసింది.

"అంత పట్టీ ఏమిటి? నేను కొట్టింది మన ముక్క. రెండు ట్యాంకులు. దానికే కళ్ళు తిరిగి గట్టు మీద కూలబడ్డాను. మన గట్టు దాటి కాలు పెట్టలేదు."

మొండయ్య ఆమె వైపు జరిగాడు.

"అదే చెప్పబోయాను ఇందాక," అంది. "సీసా ఇస్తూ మా తమ్ముడు అన్నాడు, 'ఎనిమిది ఇళ్ళలో ఏడు ఇళ్ళవాళ్ళు చాటుగా పట్టుకుపోయారక్కా, ఎవరి పట్టీ మీద వాళ్ళు కొట్టేసుకున్నారు. మీరొక్కరే మిగిలారు, మీ పట్టీలోంచే పురుగు అందరి మీదకీ వస్తుందని రేపు మిమ్మల్నే అంటారు' అని. అందుకే కొట్టాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎప్పుడు చెప్పను? వారం రోజుల్లో నాతో మీరు ఆడిన మాట ఒక్కటి చెప్పండి. తొట్టితో మాట్లాడారు, తువ్వాలుతో మాట్లాడారు."

పసుపుపచ్చటి వేళ్ళ సందులు. భుజం గోక్కున్న మనిషి. షెడ్డు నిండా ఆ వాసన, తన చేతులదే అనుకున్న వాసన. ఊపిరి వదిలిన చప్పుడు. అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి అతని ఎదట నిలబడ్డాయి.

లేచాడు. వెళ్ళి అడగాలి. ఏమని అడుగుతాడు? నోటితో ఒప్పుకున్నవాడు ఒక్కడే. పూచీ పెట్టినవాడూ ఒక్కడే. మిగతావాళ్ళు ఏమీ అనలేదు, ఏమీ పెట్టలేదు.

మధ్యగోడ అవతల తమ్ముడి ఇంట్లో దీపం వెలిగింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

అంతలో కాలువ వైపు నుంచి మందు కొట్టే మోటారు చప్పుడు మొదలైంది. దూరంగా, పంపుషెడ్డు దగ్గర. దానికి తోడు ఇంకోటి అందుకుంది. ఇంకోటి. ఇక చాటు అక్కర్లేదు మరి. గద్ద బొమ్మ సీసాలు ఒక్కొక్కటే మూతలు తెరుచుకుంటున్నాయి. గాలి ఇటు తిరిగింది. ఆమె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

ఆ చప్పుళ్ళు ఒక్కొక్కటే దగ్గరకి వస్తూ మొండయ్య గట్టు దాకా వచ్చి ఆగాయి. గట్టు ఇవతల ఏ చప్పుడూ లేదు. ఇవతల ఉన్నది ఇక అతనిది కాదు. తూము పక్కన, నీళ్ళు అన్నిటికంటే ముందు తగిలే ముక్క, చేనుతో సహా, గట్టుతో సహా, చచ్చిన సాలీళ్ళతో సహా, ఎకరం పావు.